వేడినీళ్లు వస్తున్నాయిగా, ఇంకేంటి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎలక్ట్రిక్ షవర్ మీదే. ట్యాంకులో నీళ్లు కాచి నిలవ ఉంచే గీజరు సంగతి వేరు. ఇది గోడకు బిగించిన చిన్న పెట్టె. నీళ్లు పారుతుండగానే వేడెక్కించి నెత్తిన పోస్తుంది. ఉత్తరాలు చదువుతుంటే ఒక మాట పదే పదే తగిలింది: "పని చేస్తోందిగా మాస్టారూ!" ముప్పై నాలుగేళ్లు వైరింగ్ పనిలో ఉన్నాను. నాకు ఒళ్లు జలదరింపు తెప్పించిన బోర్డుల్లో చాలామటుకు చక్కగా పని చేస్తున్నవే. ఆగిపోయిన వాటిని ఎవరో ఒకరు పిలిచి బాగు చేయించుకుంటారు. పని చేస్తున్న దాని మూత ఎవరూ తీయరు.

అన్నిటికన్నా అర్జెంటు ఉత్తరంతో మొదలుపెడతాను.

ప్రశ్న: షవర్ కింద నిలబడి స్టీలు ట్యాప్ తిప్పితే వేళ్లు జిల్లుమంటున్నాయి. రబ్బరు చెప్పులు వేసుకుంటే ఏమీ ఉండటం లేదు. మావారు "అది స్టాటిక్ కరెంటు, పట్టించుకోకు" అంటున్నారు. నిజమేనా?

జవాబు: అమ్మా, చదవడం ఆపి ముందు వెళ్లి మెయిన్ బోర్డు దగ్గర షవర్ ఆఫ్ చేసి రండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

తడి బాత్రూమ్‌లో స్టాటిక్ నిలవదు. పైగా స్టాటిక్ అయితే ఒక్కసారి చురుక్కుమని ఊరుకుంటుంది. మీకు పట్టుకున్నంతసేపూ జిల్లుమంటోంది. చెప్పులు వేసుకుంటే పోతోందంటే అర్థం ఒక్కటే: కరెంటు ట్యాప్‌లోంచి మీ చేతిలోకి, కాళ్లలోంచి నేలలోకి దిగుతోంది. ఎర్తు వైరు చేయాల్సిన ఉద్యోగం మీరు చేస్తున్నారు.

మనిషికి జిల్లు తెలిసేది సుమారు 1 మిల్లీ ఆంపియరు దగ్గర. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీలో పనిచేసిన చార్లెస్ డాల్జీల్ అనే ప్రొఫెసర్ వాలంటీర్ల మీద ప్రయోగాలు చేసి, పట్టుకున్న తీగను చేయి ఎంత కరెంటు దాకా వదలగలదో కొలిచాడు. సగటున మగవాళ్లకు 16, ఆడవాళ్లకు 10.5 మిల్లీ ఆంపియర్లు. అది దాటితే కండరాలు బిగుసుకుపోయి చేయి తీగనే పట్టుకుని ఉండిపోతుంది. ఇవాళ మీకు జిల్లుతో సరిపోతోందంటే లీకవుతున్నది కొంచెమే కాబట్టి, లేదా నేల పూర్తిగా తడవలేదు కాబట్టి. రెండూ రేపటికి మారిపోవచ్చు.

కారణాలు నేను చూసినంతలో రెండు. మొదటిది, లోపలి హీటింగ్ ఎలిమెంట్ పగిలి లీకవుతూ ఉండటం, ఆ లీకు పోవడానికి ఎర్తు లేకపోవడం. రెండోది ఇంకా దుర్మార్గం. ఎర్తు వైరు దొరకని చోట కొందరు స్విచ్ పెట్టెలోనే న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి చిన్న వైరు ముక్క తీసి ఎర్తు టెర్మినల్‌కు కలిపేస్తారు. చూడ్డానికి మూడు టెర్మినల్సూ నిండుగా ఉంటాయి. ఏ రోజైతే వెనక ఎక్కడో న్యూట్రల్ ఊడిందో, ఆ రోజు ఎలిమెంట్ మీదుగా వచ్చిన ఫేజు, అంటే లోపలికొచ్చే కరెంటు, నేరుగా ఆ ముక్కలోంచి షవర్ లోహభాగాలకు ఎక్కేస్తుంది. సర్క్యూట్ తెగిపోయింది కాబట్టి షవర్ పని చేయదు. "పని చేయట్లేదేంటి" అని తడి చేత్తో తట్టిచూసేది అప్పుడే. ఎంసీబీ, అంటే బోర్డులో తనంతట తానే పడిపోయే స్విచ్, ఈ తప్పును పసిగట్టలేదు, దానికి తెలిసింది ఓవర్‌లోడు, షార్ట్ సర్క్యూట్, అంతే.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి "ట్యాప్ జిల్లుమంటోంది" అనండి. వచ్చినవాడు ముందు స్విచ్ పెట్టె విప్పకుండా "చెప్పులు వేసుకుని స్నానం చేయండి" అంటే ఇంకొకరిని పిలవండి.

ప్రశ్న: మాస్టారూ, 8.5 కిలోవాట్ల షవర్ కొన్నాను. పాత గీజరు పాయింటుకే కలిపేశారు. మొదట ఎంసీబీ ఒకటిన్నర నిమిషానికి పడిపోయేది. 16 తీసి 32 ఆంపియర్లది పెట్టారు. రెండు నెలలుగా ఏ ఇబ్బందీ లేదు. మా బావమరిది మాత్రం వైరు మార్చాల్సిందే అంటున్నాడు. గోడలన్నీ మళ్లీ పగలగొట్టాలా?

జవాబు: మీ బావమరిది మాట వినండి తమ్ముడూ.

ఈ లెక్కను కాస్త ఓపిగ్గా చూడండి, ఇంతకుమించి లెక్కలు ఈ పేజీలో ఉండవు. 8,500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 37 ఆంపియర్లు. మీ పాత గీజరు 2 కిలోవాట్లది అయితే అది తాగింది 9 ఆంపియర్ల లోపే. దానికోసం వేసింది బహుశా 2.5 స్క్వేర్ ఎంఎం వైరు. గోడలో పైపు గుండా వెళ్లే 2.5 వైరు మోయగలిగేది సుమారు 20 నుంచి 24 ఆంపియర్లు. గీజరుకు అది దర్జాగా సరిపోయింది.

ఇప్పుడు అదే వైరులో 37 పోతున్నాయి. బోర్డు నుంచి బాత్రూమ్‌కు 15 మీటర్ల దూరం అనుకోండి. ఫేజు, న్యూట్రల్ కలిపి 30 మీటర్ల రాగి. 2.5 వైరు రెసిస్టెన్స్ మీటరుకు 7.4 మిల్లీ ఓమ్‌లు, మొత్తం 0.22 ఓమ్. 37ను 37తో గుణించి, దాన్ని 0.22తో గుణిస్తే దాదాపు 300 వాట్లు. ఆ 300 వాట్లు మీ నీళ్లలోకి పోవట్లేదు, గోడలోకి పోతున్నాయి. దారి పొడవునా మీటరుకు 20 వాట్లు. అంటే మీటరుకొక చిన్న సోల్డరింగ్ ఐరన్ చొప్పున గోడలో పూడ్చి, స్నానం చేసినప్పుడల్లా వాటిని ఆన్ చేస్తున్నారన్నమాట. అదే 10 స్క్వేర్ వైరు అయితే మొత్తం 75 వాట్లు, మీటరుకు 5. అంతటి లావు రాగికి అది పెద్ద లెక్కలోది కాదు.

"మరి వేడెక్కితే ఎంసీబీ పడిపోవాలి కదా?" అని అడుగుతారు. 16 ఆంపియర్లది పడిపోయింది కదా! అది తన పని తాను చేసింది. కుక్క మొరుగుతోందని దొంగను వదిలేసి కుక్కను తరిమేశారు. 32 ఆంపియర్ల ఎంసీబీ తన రేటింగ్ మీద 13 శాతం అదనంగా వెళ్తున్నా గంటసేపు పడిపోకూడదు, దాన్ని తయారు చేయడమే అలా చేస్తారు. 37 అంటే 16 శాతం ఎక్కువ. మీ పావుగంట స్నానానికి అది కనురెప్ప కూడా ఆర్పదు. ఎంసీబీ కాపలా కాసేది ఆ వైరుకు. వైరు మోయగలిగినదానికన్నా పెద్ద ఎంసీబీ పెట్టారంటే ఆ వైరుకు కాపలా లేనట్టే.

రెండు నెలల్లో ఏమీ కాలేదన్నారు. పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకా తట్టుకునేలా చేస్తారు. దాటిన ప్రతిసారీ కాస్త మెత్తబడి, చల్లారి, కాస్త పెళుసెక్కుతుంది. పైపు వంపు తిరిగిన చోట, నాలుగు వైర్లు ఒత్తుకున్న చోట ముందు పోతుంది. అది రెండో నెలలోనా, మూడో ఏట్లోనా అన్నది ఎవరూ చెప్పలేరు.

కావాల్సింది ఇది: మెయిన్ బోర్డు నుంచి షవర్‌కు మధ్యలో జాయింట్ లేని సొంత లైను, పైపులో అయితే 10 స్క్వేర్ రాగి వైరు, 40 ఆంపియర్ల ఎంసీబీ, దానికి తగ్గ ఆర్సీసీబీ (కరెంటు లీకైతే తెంపేసే స్విచ్), ఎర్తు. ఈ లైను మీద ఇంకే పాయింటూ, చివరికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా ఉండకూడదు. గోడ పగలగొట్టడం ఇష్టం లేకపోతే పైపును గోడ మీదే క్లిప్పులతో తీసుకెళ్లండి. అందం తగ్గుతుంది, కానీ గాలి తగిలే వైరు చల్లగా ఉంటుంది. ఇంకొక్కటి: మీ ఇంటికి వచ్చే సరఫరా, మీటరు, మెయిన్ స్విచ్ ఈ అదనపు 37ను మోస్తాయో లేదో ముందే కనుక్కోండి. షవర్ వేయగానే ఇంట్లో దీపాలు మసకబారుతుంటే మోయలేకపోతున్నాయని.

అప్పటిదాకా? పాత గీజరు అటక మీద ఉంటే దించండి.

ప్రశ్న: మా ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ ఉంది. అది ఉంటే షాక్ కొట్టదట, కాబట్టి ఎర్తు అక్కర్లేదని విన్నాను. అయినా మా ఎలక్ట్రీషియన్ మీటర్ పెట్టి ఫేజుకూ ఎర్తుకూ మధ్య 230 చూపించాడు, ఎర్తు బ్రహ్మాండంగా ఉందన్నాడు.

జవాబు: ఈ ఉత్తరంలో రెండు అపోహలు జంటగా వచ్చాయి, ఒక్కొక్కటే విప్పుదాం.

ఆర్సీసీబీ చేసేది లెక్క చూడటం. ఫేజులో ఎంత వెళ్లిందో న్యూట్రల్‌లో అంతా తిరిగి రావాలి. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే దారి మధ్యలో ఎక్కడో కారిపోతోందని సెకనులో మూడో వంతు కూడా గడవకముందే తెంపేస్తుంది. తేడా 150 దాటితే 40 మిల్లీ సెకన్లలోనే తెంచాలి. చాలా గొప్ప పరికరం. అమెరికాలో వాడే దీని సోదరుణ్ని 1961లో రూపొందించింది పైన చెప్పిన డాల్జీల్ గారే.

ఎర్తు లేదనుకుందాం. ఎలిమెంట్ పగిలి షవర్ లోహభాగాలకు ఫేజు ఎక్కింది. కారడానికి దారి లేదు కాబట్టి తేడా లేదు, ఆర్సీసీబీ నిశ్చింతగా ఉంది. ఫేజు రాత్రంతా అక్కడే కాచుక్కూర్చుంటుంది. పొద్దున్నే ఒకరు వచ్చి ముట్టుకుంటారు. అప్పుడు దారి దొరికింది, తేడా వచ్చింది, తెగింది. కానీ ఆ దారి ఒక మనిషి! తడి ఒంటి మీద 230 వోల్టులంటే కొన్ని వందల మిల్లీ ఆంపియర్లు పోవచ్చు. తెగేలోపు ఆ దెబ్బ తగిలి తీరుతుంది. తడి నేల మీద ఉలిక్కిపడి వెనక్కి పడితే తల పగలడానికి అది చాలు. ఎర్తు ఉండి ఉంటే ఎలిమెంట్ పగిలిన క్షణానే, ఎవరూ ముట్టుకోకముందే తెగిపోయేది.

పోనీ ఎర్తు ఒక్కటే చాలా? అదీ చాలదు. నేలలో పాతిన ఎర్తు రాడ్డు రెసిస్టెన్స్ 10 ఓమ్‌లు అనుకోండి. 230ని 10తో భాగిస్తే 23 ఆంపియర్లు. 40 ఆంపియర్ల ఎంసీబీకి 23 అంటే మామూలు లోడు, అది పడిపోదు. షవర్ మీద వోల్టేజీ అలాగే నిలబడి ఉంటుంది. అందుకే రెండూ కావాలి. మొగుడూ పెళ్లాల్లాగా ఒకరి లోటు ఒకరు పూడుస్తారు.

ఇక మీటర్ సంగతి. డిజిటల్ మీటర్‌కు వోల్టేజీ చూపించడానికి కావాల్సిన కరెంటు దాదాపు శూన్యం. తుప్పు పట్టి ఒక్క పోగు మిగిలిన ఎర్తు వైరు మీద కూడా అది ఠంచనుగా 230 చూపిస్తుంది. ఆ పోగు మీదికి నిజంగా ఫాల్టు కరెంటు వస్తే నిలుస్తుందా అన్నది దానికి తెలియదు. ఎర్తు నాణ్యత తెలియాలంటే లూప్ టెస్టర్ పెట్టి ఓమ్‌లలో కొలవాలి. మీ ఎలక్ట్రీషియన్ దగ్గర అది లేకపోతే ఉన్నవాళ్లను తీసుకురమ్మనండి, అందులో నామోషీ ఏమీ లేదు. నీళ్ల పైపుకు ఎర్తు కట్టేసే పాత అలవాటు కూడా మానమని చెప్పండి. ఇప్పుడు సగం పైపులు ప్లాస్టిక్. మధ్యలో ఒక్క ముక్క ప్లాస్టిక్ పడినా మీ ఎర్తు అక్కడితో సరి.

ప్రశ్న: షవర్ వాడినప్పుడల్లా బాత్రూమ్ బయట చేపల వాసన వస్తోంది. ఎంత కడిగినా పోవట్లేదు. కరెంటుకూ దీనికీ సంబంధం ఉంటుందా? మా అమ్మాయి మీకు రాయమంటే నవ్వుతూనే రాస్తున్నాను.

జవాబు: మీ అమ్మాయికి నా తరఫున పెద్ద థాంక్స్ చెప్పండి. షవర్ వాడటం ఇప్పుడే ఆపండి.

ఈ వాసన నాకు బాగా తెలుసు, ఎందుకంటే దాన్ని పుట్టించింది నేనే. పనిలో చేరిన ఆరో ఏడు, మా అక్కయ్య ఇంట్లో షవర్ బిగించాను. వైరు సరైనది, ఎర్తు ఉంది, అన్నీ ఉన్నాయి. పదకొండు నెలలు హాయిగా నడిచింది. ఒకరోజు అక్కయ్య ఫోన్ చేసి "ఒరేయ్, పిల్లి ఏదో తెచ్చి పడేసినట్టుంది, రెండు రోజులుగా వెతుకుతున్నాం, దొరకట్లేదు" అంది. చూసి పోదామని వెళ్లాను. వాసన అలమర వెనక లేదు, మంచం కింద లేదు. షవర్ స్విచ్ దగ్గర ఉంది. మెయిన్ తీసేసి మూత విప్పితే న్యూట్రల్ టెర్మినల్ చుట్టూ తెల్ల ప్లాస్టిక్ కాఫీ రంగుకు తిరిగి ఉంది, వైరు తొడుగు రెండంగుళాల మేర గట్టిపడి గోటితో గీకితే పెచ్చులుగా రాలుతోంది.

తప్పు ఎక్కడంటే, వైరు చివర తొడుగు తీసేటప్పుడు రెండు మిల్లీమీటర్లు తక్కువ తీశాను. స్క్రూ బిగించినప్పుడు అది సగం రాగి మీద, సగం పీవీసీ మీద కూర్చుంది. చేతికి మాత్రం గట్టిగానే తగిలింది. వేడికి పీవీసీ మెత్తబడి కుదించుకుపోయే కొద్దీ స్క్రూ పట్టు వదిలింది. పట్టు వదిలిన కొద్దీ వేడి పెరిగింది. అలాంటి కాంటాక్టు రెసిస్టెన్స్ ఓమ్‌లో ఇరవయ్యో వంతే అనుకోండి, మామూలు మీటర్‌కు సరిగ్గా అందనంత తక్కువ. 37 ఆంపియర్ల దగ్గర అది 68 వాట్లు. ఒక్క స్క్రూ కింద! స్విచ్చుల్లో, టెర్మినళ్లలో వాడే కొన్ని రకాల ప్లాస్టిక్‌లు మాడబోయే ముందు సరిగ్గా కుళ్లిన చేప వాసన వేస్తాయి. పొగ ఆ తర్వాత వస్తుంది.

దీన్ని ఎంసీబీ పట్టుకోదు, కరెంటు పెరగలేదు కాబట్టి. ఆర్సీసీబీ పట్టుకోదు, ఎక్కడా కారలేదు కాబట్టి. ముక్కే పట్టుకోవాలి.

ఆ స్విచ్ ఇప్పటికీ నా టేబుల్ మీద పేపర్ వెయిటుగా ఉంది. కొత్త కుర్రాళ్లు పని నేర్చుకోవడానికి వస్తే ముందు దాన్ని చేతికిస్తాను.

మీరు చేయించాల్సింది స్విచ్ మార్చడం, మాడిన వైరును మంచి రాగి కనిపించేదాకా కత్తిరించడం. పాత స్విచ్‌నే గట్టిగా బిగించి వదిలేయనివ్వకండి, ఒకసారి మాడిన ఇత్తడి మళ్లీ సరైన పట్టు ఇవ్వదు. ఒకే చివర కాదు, బోర్డులో ఎంసీబీ, షవర్ లోపలి టెర్మినల్ బ్లాకు కూడా విప్పి చూడాలి. పోగుల వైరు అయితే చివరకు లగ్గు (పోగులన్నిటినీ కలిపి పట్టే లోహపు తొడుగు) తొడిగి బిగించాలి. బిగించాక వైరు పట్టుకుని గట్టిగా లాగి చూడాలి. అప్పుడు ఊడి వస్తే అదృష్టమే.

ప్రశ్న: షవర్ ఆన్ చేసిన ఐదారు నిమిషాలకు ఆర్సీసీబీ పడిపోతోంది. దాన్ని తప్పించి నేరుగా కలిపితే బాగానే పని చేస్తోంది. ఆర్సీసీబీయే పాడైందా?

జవాబు: నేరుగా కలిపిన లైను ముందు తీసేయండి. తర్వాత మాట్లాడుకుందాం.

ఎలిమెంట్ అంటే లోహపు గొట్టం మధ్యలో చుట్టిన సన్నటి తీగ. చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ అనే తెల్లటి పొడి దట్టించి ఉంటుంది. వేడిని పోనిస్తుంది, కరెంటును ఆపుతుంది. గొట్టానికి గార పట్టి, సన్నటి పగులు వచ్చిందంటే పొడి నీళ్లు పీల్చుకుంటుంది. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని ఉండే పగులు వేడికి తెరుచుకుంటే మీరు చెప్పినట్టే ఐదారు నిమిషాలకు పడిపోతుంది. చిన్న పరీక్ష చేయించండి: షవర్‌ను విడదీసి, మెగ్గర్‌తో (లీకును పట్టే మీటర్) 500 వోల్టులు పెట్టి ఎలిమెంట్‌కూ ఎర్తుకూ మధ్య చూడమనండి. 1 మెగా ఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఎలిమెంట్ పని అయిపోయింది. వేడిగా ఉన్నప్పుడు ఒకసారి, చల్లారాక ఒకసారి చూస్తే ఇంకా మంచిది. అది బాగుంటే, ఆవిరి చేరి స్విచ్ పెట్టెలో తేమ పట్టిందేమో చూడాలి. ఆ తర్వాతే ఆర్సీసీబీని అనుమానించండి.

ప్రశ్న: స్విచ్ బాత్రూమ్ లోపల ఉంటే చేతికి అందుతుందని మా ఇంట్లో అందరి ఓటు. పెట్టించవచ్చా?

జవాబు: ఓట్లతో తేలే విషయం కాదండీ. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60364లో బాత్రూమ్ కోసమే 701 అనే భాగం ఉంది. స్నానపు తొట్టి లేదా షవర్ ట్రే లోపలి భాగం జోన్ 0. దాని పైన 2.25 మీటర్ల ఎత్తు వరకు జోన్ 1. అక్కడి నుంచి పక్కకు ఇంకో 60 సెంటీమీటర్లు జోన్ 2. ట్రే లేకుండా నేల మీదే స్నానం చేసే బాత్రూమ్ అయితే షవర్ నుంచి 1.2 మీటర్ల వరకు జోన్ 1గానే లెక్క. జోన్ 1, 2లలో పెట్టే పరికరాలు కనీసం నీళ్ల చిందులను తట్టుకునే ఐపీ ఎక్స్4 రకానివి కావాలి, మామూలు గోడ స్విచ్‌కు అక్కడ చోటు లేదు.

తలుపు బయట పెట్టించండి. లోపలే కావాలంటే పైకప్పుకు బిగించి తాడుతో లాగే స్విచ్ దొరుకుతుంది, తడి చేతికి తగిలేది తాడు మాత్రమే. ఏదైనా సరే 45 లేదా 50 ఆంపియర్ల డబుల్ పోల్‌ది (ఫేజు, న్యూట్రల్ రెండిటినీ తెంపేది), ఆన్‌లో ఉంటే దీపం వెలిగేది తీసుకోండి. డబుల్ పోల్ ఎందుకంటే, ఎవరైనా ఫేజు, న్యూట్రల్ తారుమారు చేసి ఉంటే సింగిల్ పోల్ స్విచ్ ఆఫ్ చేసినా ఎలిమెంట్‌లో ఫేజు ఉంటుంది.

ప్రశ్న: నీళ్లు బాగా వేడిగా రావాలంటే సన్నగా వస్తున్నాయి. వోల్టేజీ తక్కువా?

జవాబు: వోల్టేజీని తిట్టకండి. 8.5 కిలోవాట్లతో నీళ్లను 25 డిగ్రీలు పెంచితే నిమిషానికి 5 లీటర్లు కూడా రావు. అదే 3 కిలోవాట్ల చిన్న ఇన్‌స్టంట్ గీజరు అయితే 1.7 లీటర్లు. చలికాలంలో ఇంకా తగ్గుతుంది. షవర్ తలకు గార పట్టిందేమో విప్పి చూడండి. నీళ్లు పైనున్న ట్యాంకు నుంచి వస్తుంటే మాత్రం అసలు చిక్కు అక్కడుండొచ్చు: 3 మీటర్ల ఎత్తుకు వచ్చే ప్రెజర్ 0.3 బార్. చాలా షవర్లు అంతకు రెండు మూడు రెట్లు అడుగుతాయి. డబ్బా మీద రాసి ఉంటుంది, కొనకముందు చదవాల్సిన ముక్క అదే.

ప్రశ్న: ఇంజనీరింగ్ చదివాను. చేతిపని వచ్చు. వీడియోలు చూసి నేనే బిగించుకుంటే తప్పేమిటి?

జవాబు: గోడకు రంధ్రాలు వేయండి, పైపు వేయండి, వైరు లాగండి, పెట్టె బిగించండి. నిజం చెప్పాలంటే ఈ పనులు మీరే శ్రద్ధగా చేస్తారు, ఎవరి గోడకు వారికే ప్రేమ ఎక్కువ. కనెక్షన్లు, టెస్టింగ్ మాత్రం లైసెన్సు ఉన్నవాళ్లకు వదలండి. మీ తెలివి మీద అనుమానం లేదు, మీ దగ్గర మెగ్గర్, లూప్ టెస్టర్, ఆర్సీసీబీ టెస్టర్ లేవు. అవి లేకుండా చేసిన పని సరిగ్గా ఉందో లేదో నాకు కూడా తెలియదు. చట్టం కూడా చాలా చోట్ల ఇలాగే ఉంది. ఇంగ్లండ్‌లో 2005 నుంచి ఇలాంటి కొత్త లైను నమోదైన ఎలక్ట్రీషియన్ వేయాలి, లేదంటే భవన నిర్మాణ అధికారులకు తెలియజేయాలి.

ఎప్పుడైనా మూత విప్పాల్సి వస్తే స్క్రూడ్రైవర్ టెస్టర్‌ను నమ్ముకోకండి. అందులోని చిన్న బల్బు వెలగడానికి మీ ఒళ్లే దారి. పొడి చెక్కబల్ల మీద నిలబడితే మసగ్గా వెలుగుతుంది, పగటి వెలుతురులో అది కనిపించదు. కరెంటు లేదనుకుంటారు. రెండు ముల్లుల టెస్టర్ తీసుకుని ముందు కరెంటు ఉన్న చోట పెట్టి పని చేస్తోందో లేదో చూసి, తర్వాత మీ వైర్ల మీద పెట్టి, మళ్లీ కరెంటు ఉన్న చోట పెట్టి చూడాలి. మధ్యలో టెస్టరే చచ్చిపోయి ఉండొచ్చు. వైరు రంగులను బట్టి ఏదీ ఖాయం చేసుకోకండి. నల్లవైరులో ఫేజు చూశాను, ఆకుపచ్చలో కూడా చూశాను.

బిగించాక మొదటిసారి హీటర్ ఆఫ్‌లో ఉంచి, గాలిబుడగలు పోయేదాకా చల్లనీళ్లు వదలండి. నీళ్లు నిండకుండా వేడి పెడితే కొత్త ఎలిమెంట్ ఆ రోజే పోతుంది.

ప్రశ్న: ఆర్సీసీబీ మీదున్న టెస్ట్ బటన్ మూడు నెలలకోసారి నొక్కమన్నారు. నొక్కితే కంప్యూటర్లు ఆగిపోతున్నాయని పిల్లలు గొడవ చేస్తున్నారు. షవర్ బాగానే పని చేస్తోందిగా, నొక్కకపోతే ఏం?

జవాబు: "పని చేస్తోందిగా" అన్న మాట మళ్లీ వచ్చింది, చూశారా! లోపల ఒక స్ప్రింగు, కొక్కెం ఉంటాయి. ఏళ్ల తరబడి కదలకపోతే అవి పట్టేస్తాయి. బటన్ నొక్కడం వాటిని కదిలించడానికే. మీ ఎర్తు బాగుందని మాత్రం దీంతో తేలదు, ఆ పరీక్ష వేరు. ముందురోజు రాత్రి పిల్లలకు చెప్పి, ఆదివారం పొద్దున్న వాళ్లు లేవకముందే నొక్కండి. టప్పున పడిపోతే మళ్లీ పైకి లేపి మీ పని చూసుకోండి. పడకపోతే ఇంకోసారి నొక్కండి. అప్పటికీ పడకపోతే షవర్ ఎంసీబీ దించేసి, ఆర్సీసీబీ మార్పించేదాకా బకెట్, మగ్గు.